ఖాళీ అయిందని డిస్కుకు ఎప్పుడు చెప్పాలి

నేను కంప్యూటర్లు బాగు చేసేదాన్ని కాదు. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తిరుపతిలో మా వీధివాళ్ళు ఇప్పటికీ ప్రింటరు కదలకపోతే నన్నే పిలుస్తారు. నేను చేసింది స్టోరేజీ పని. అంటే దాచింది దాచినచోట ఉందా, తీసేసింది నిజంగా పోయిందా అని చూసే పని. ఒక ప్రైవేటు ఇంజినీరింగు కళాశాలలో సర్వర్లు చూసుకునేదాన్ని. తీరిక దొరికితే జనం పోగొట్టుకున్న ఫైళ్ళు వెతికిపెట్టేదాన్ని. యాభై దాటగానే ఉద్యోగానికి దండం పెట్టి బయటికొచ్చాను. ఎందుకమ్మా అంత తొందర అని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు: చేసిన తప్పే మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళను చూసి విసుగొచ్చింది. కొత్త తప్పు చేసేవాళ్ళుంటే ఇంకొన్నాళ్ళు ఉండేదాన్నేమో.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఏ కోర్సు చేయాలి మేడం అని అడుగుతారు. కోర్సుల సంగతి కోర్సులు అమ్మేవాళ్ళను అడగండి. నేను చెప్పేది ఒక్క చిన్న సంగతి. అక్కర్లేని చోటు అక్కర్లేదని డిస్కుకు ఎవరు చెబుతారు, ఎప్పుడు చెబుతారు? ఇది తెలియకుండానే జీతాలు తీసుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

లాడ్జి సంగతి

మా ఊళ్ళో లాడ్జీలకు కొదవలేదు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. కింద కౌంటర్లో గుమాస్తా ఉంటాడు. పైన గదులు ఊడ్చే మనిషి ఉంటాడు. యాత్రికులు తాళంచెవి కౌంటర్లో పడేసి బస్సెక్కుతారు. గుమాస్తా ఆ గది ఖాళీ అని గుర్తు పెట్టుకుంటాడు, అంతే. పైవాడికి చెప్పడు. పైవాడి దృష్టిలో ఆ గదిలో ఇంకా మనుషులున్నట్టే. వాళ్ళు వదిలేసిన వాడిన పూలకు, తడి తువ్వాలుకు కూడా కాపలా కాస్తుంటాడు.

గుమాస్తా అంటే ఫైల్ సిస్టమ్, ఏ ఫైలు ఎక్కడుందో లెక్క చూసుకునేది. పైవాడు డిస్కు. మీరు ఒక ఫైలు తీసేస్తే గుమాస్తా దగ్గర గుర్తు మారుతుంది. డిస్కులో సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. పాత హార్డ్ డిస్కుకు దీనితో ఇబ్బంది లేదు. కొత్తవాళ్ళు వస్తే పాత సామాను మీదే సామాను పడేస్తుంది. పోయిన ఫైళ్ళు తెచ్చే మాలాంటివాళ్ళం బతికింది ఆ బద్ధకం మీదే.

ఎస్‌ఎస్‌డి అలా కాదు. ఈ కొత్తరకం డిస్కులో రాసిన చోట మళ్ళీ రాయాలంటే ముందు తుడవాలి. తుడవడం కూడా ఒక్కో గదిగా కుదరదు, అంతస్తు మొత్తం ఒకేసారి కడగాలి. ఆ అంతస్తులో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళను వేరే అంతస్తుకు మార్చి మరీ కడగాలి. ఇప్పుడు ఆలోచించండి. ఏ గది ఖాళీయో తెలియని మనిషి వాడిన పూలను కూడా మోసుకెళ్ళి పై అంతస్తులో భద్రంగా పెడతాడు. పని పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, డిస్కు తొందరగా అరుగుతుంది. అందుకే ఫైల్ సిస్టమ్ నోరు విప్పి, ఈ బ్లాకులు, అంటే ఈ గదులు, ఇక నాకు అక్కర్లేదు అని డిస్కుకు చెప్పాలి. ఆ చెప్పడమే డిస్కార్డ్. డిస్కులవాళ్ళ భాషలో ట్రిమ్.

చెప్పే పద్ధతులు రెండు. ప్రతి గది ఖాళీ అయినప్పుడల్లా గుమాస్తా మెట్లకింద నిలబడి అరవడం ఒకటి. వారానికొకసారి పైకి పోయి, ఇదిగో ఇవన్నీ ఖాళీ అని ఒకేసారి అప్పజెప్పడం రెండోది. ఏ పద్ధతిలో చెప్పినా, చెప్పాక మాట వెనక్కి తీసుకునేది లేదు. ఆ చోట మళ్ళీ చదివితే చాలా డిస్కులు సున్నాలు చేతిలో పెడతాయి. నా దగ్గర మంత్రం లేదు. ఎవరి దగ్గరా లేదు. ఉందనేవాడు మీ జేబు చూసి మాట్లాడుతున్నాడు.

అరుపుల గుమాస్తా

మా కళాశాల డైరెక్టరుకు ఒక గుణం ఉండేది. బయటినుంచి టై కట్టుకొని వచ్చినవాడు ఏం చెప్పినా వేదం. లోపల చీర కట్టుకొని తిరిగేది ఏం చెప్పినా పెడసరం. కొత్త సర్వరు అమ్మిన కంపెనీ మనిషి మొదటి పద్ధతి పెట్టిపోయాడు, ప్రతి తీసివేతకూ ఒక అరుపు. నేను మారుస్తానన్నాను.

"ఏమ్మా, అన్నీ తెలిసినోడు పెట్టిపోయినాడు. దాన్ని నువ్వు కదిలించేది ఎందుకు?"

"ఆయన పెట్టి బెంగుళూరు బస్సెక్కినాడు సార్. అది మొండికేస్తే ఈడ ఉండేది నేను."

"నీతో మాట్లాడి గెలిచినోడు లేడబ్బా" అని నవ్వి ఫైలు మీద తల వంచాడు. ఆయన దగ్గర అది వద్దని చెప్పే పద్ధతి.

పరీక్ష ఫలితాలు పెట్టే రోజు వచ్చింది. చోటు చాలదేమోనని ఆయనే పాత వీడియో పాఠాలన్నీ తీసేయమని ల్యాబులో ఎవరికో చెప్పాడు. చిన్న చిన్న ముక్కలుగా ఉన్న ఆ వీడియోలు పోతుంటే గుమాస్తా ఆపకుండా అరిచాడు. పైవాడు కడగడంలో పడి కొత్తగా వచ్చినవాళ్ళకు తలుపు తీయడం మానేశాడు. ఏర్పేడులో, పలమనేరులో పిల్లలు ఫోన్లలో తిరుగుతున్న చక్రం చూస్తూ కూర్చున్నారు. నేను తీసివేత ఆపించి, ఆ అరుపు తీయించి, సందడి లేని వేళ చూసి వారపు పద్ధతి పెట్టాను. సర్వరు కుదుటపడింది.

"ఏం జేసినావు?" అన్నాడు డైరెక్టరు.

"పని చేసేటప్పుడు పక్కన అరవద్దన్నాను సార్."

అది డిస్కు గురించే అన్నానో లేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇది చదివి మొదటి పద్ధతి ఎప్పుడూ తప్పే అని రాసుకోకండి. ఈ మధ్య కొన్ని ఫైల్ సిస్టమ్‌లు ఖాళీలను కూడబెట్టి, వెనకనుంచి నెమ్మదిగా చెబుతున్నాయి. డిస్కులకూ ఓపిక పెరిగింది. మీ డిస్కు ఏది, మీ పని ఏది అని చూసి పెట్టండి. బెంగుళూరు బస్సెక్కేవాడు పెట్టాడని మాత్రం పెట్టకండి.

సున్నాలు

చిత్తూరు నుంచి ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వచ్చేవాడు. ఒకసారి అతని హార్డ్ డిస్కులో తుడిచిన పెళ్ళి మొత్తం తెచ్చిచ్చాను. ఆ ధైర్యంతో తర్వాత ఎస్‌ఎస్‌డి కొన్నాడు. మళ్ళీ ఒక పెళ్ళి తుడిచాడు. నెలయ్యాక తీరిగ్గా తెచ్చాడు. చదివితే అన్నీ సున్నాలు, తాళిబొట్టు దగ్గర్నుంచి అప్పగింతల దాకా.

"పోయినసారి తెచ్చినారు గదా మేడం?"

"పోయినసారి నీ డిస్కు సోమరిది నాయనా. ఇది పనిమంతురాలు."

అతను నన్ను తిట్టుకుంటూ పోయాడు. తిట్టుకోనీ. ఆ సున్నాలు కళ్ళారా చూసినదాన్ని కాబట్టే, నగరి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను అన్నం ముందునుంచి లేచాను.

నగరిలో ఆయుధ పూజ

మంజుల మా కళాశాల ల్యాబులో నాతో పనిచేసిన అమ్మాయి. పెళ్ళి చేసుకొని నగరి వెళ్ళింది. భర్త ధనశేఖర్‌ది మరమగ్గాల ఇల్లు. చీర అంచుల డిజైన్లు కంప్యూటరులో గీసి, వాటి ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించి మగ్గం మీదికి ఎక్కిస్తారు. ఆ డిజైన్లలో చాలావాటిని గీసింది ధనశేఖర్ వాళ్ళ నాయన. గళ్ళ కాగితం మీద ఆయన గీసినవాటిని కొడుకు గడి గడిగా కంప్యూటరులోకి ఎక్కించాడు. కాగితాలను చెదలు తిన్నాయి, ఆ తర్వాత ఆయనా పోయాడు. మగ్గం మీదున్న అట్టల్లో ఉండేది ఒక్క డిజైనే. మిగతావన్నీ ఆ కంప్యూటరులోనే. దానికి ఎస్‌ఎస్‌డి వేయించి, వారపు ట్రిమ్ పెట్టిందాన్ని నేనే. రెండో ప్రతి ఒకటి పెట్టుకోండి అని చెప్పిందాన్ని కూడా నేనే. మొదటి మాటే విన్నారు.

ఆ ఏడాది ఆయుధ పూజ సోమవారం వచ్చింది. ఆ మధ్యాహ్నం మంజుల ఫోను చేసింది. గొంతు గుసగుసగా ఉంది.

"మేడం, మగ్గం వెనక నిలబడి మాట్లాడతాండాను. అత్తమ్మ ఇంటికి పోయింది, ఇప్పుడే వస్తాది. మా ఇంటాయన నిన్న పూజకని మగ్గాలు దులిపినాడు. ఊరుకోకుండా కంప్యూటర్‌లో గూడా దులిపినాడు."

"ఏం దులిపినాడు?"

"పాత డిజైన్ల ఫోల్డర్ తీసేసి, చెత్తబుట్ట గూడా ఖాళీ చేసినాడు. కొత్త ఫోల్డర్‌లో అన్నీ ఉండాయనుకున్నాడు. దాంట్లో ఉండేవి ఉత్త పాతదానికి దారి చూపించే గుర్తులు. ఒకటి గూడా తెరుచుకోల్యా. అంతలో అత్తమ్మ కుంకుమ గిన్నె తీసుకొని వస్తే, భయపడి కంప్యూటర్ ఆపేసినాడు. ఆమెకింకా తెలియదు."

"మళ్ళీ ఆన్ చేసినారా?"

"పూజ చేసింది ముట్టకూడదు గదా మేడం. రేపు పొద్దున పది గంటలకు ముహూర్తం. అత్తమ్మ చేత్తో ఆన్ చేస్తాది."

ఆ పూజ ఆచారం వల్లే సరుకు ఇంకా అక్కడ ఉంది. ఆ ఆచారం వల్లే రేపు పదింటికి పోబోతోంది. నేను పెట్టిన వారపు ట్రిమ్ నడిచేది సోమవారం. ఆ సమయానికి కంప్యూటరు ఆగి ఉంటే ఊరుకోదు. మళ్ళీ వెలిగినప్పుడు, తప్పిపోయిన పని ముందు చేసేస్తుంది. ఆమె హారతిచ్చి స్విచ్ వేస్తుంది. గుమాస్తా పైకి పోయి, ఇవన్నీ ఖాళీ అని అప్పజెబుతాడు. చిత్తూరు ఫోటోగ్రాఫరు చూసిన సున్నాలే ఈ ఇల్లూ చూస్తుంది.

"ఎవ్వరినీ ముట్టనివ్వద్దు. నేను వస్తాను" అన్నాను.

మర్నాడు మొదటి బస్సుకే పుత్తూరు మీదుగా నగరి చేరాను. మగ్గాల షెడ్డులో అన్నిటికీ గంధం, కుంకుమ, చేమంతులు. కంప్యూటరు పెట్టెకు మూడు బొట్లు. పళ్ళెంలో కత్తెర, పట్టుకారు, స్క్రూడ్రైవర్, వాటికీ బొట్లు. నా సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశానో లేదో, ధనశేఖర్ వాళ్ళమ్మ కుప్పమ్మ వచ్చి నిలబడింది. సన్నటి మనిషి. కళ్ళు మాత్రం సూదులు.

"ఏందమ్మణ్ణీ, ఈ పొద్దు మరలు తిప్పేది? పూజలో ఉండే పనిముట్టు ముట్టకూడదని మీ ఇంట్లో ఎవురూ సెప్పలేదా?"

"చెప్పినారు పెద్దమ్మా. అందుకే మా ఇంటిది తెచ్చుకున్నా. దీనికి బొట్టు పెట్టలేదు."

"నీ దానికి పెట్టకుంటే నాకేమి? మా పెట్టెకు పెట్టినాం గదా. పదింటికి నేను స్విచ్ ఏస్తా. ఆ తరవాత నువ్వు విప్పుకుంటావో, మూటగట్టుకొని తిరుపతికే ఎత్తుకపోతావో నీ ఇష్టం."

"ఆ తర్వాత విప్పేదానికి ఏమీ మిగలదు పెద్దమ్మా."

ఆమె నన్ను వదిలేసి కొడుకును చూసింది. కొడుకు మగ్గాన్ని చూశాడు. మంజుల నన్ను చూసింది. నేను నోరు మూసుకున్నాను. నాకది చాతగాని పని, అయినా మూసుకున్నాను. ఆ మాట చెప్పాల్సినవాడు చెప్పాలి.

"అమ్మా" అన్నాడు ధనశేఖర్. "నాయన గీసినవి తుడిచేసినా. దులపతా దులపతా తుడిచేసినా."

"అన్నీనా?"

"అన్నీ."

"మామిడిపిందె అంచు?"

"అది గూడా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతని మొహంలో కనబడింది. ఆమె నా వైపు తిరిగింది.

"ఇప్పుడవి యాడుండాయి?"

లాడ్జి సంగతి చెప్పాను. గది ఖాళీ అని కింద గుర్తు పెట్టుకున్నారు, ఊడ్చేవాడికి ఇంకా చెప్పలేదు, మీరు స్విచ్ వేస్తే చెబుతారు. ఆమె కొండకు ఎన్నోసార్లు వచ్చిన మనిషి. నేను ముగించకముందే అందుకుంది.

"అంటే మూటాముల్లే ఇంకా గదిలోనే ఉండాది."

"ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉండాదా?"

"విప్పి చూస్తేనే తెలిసేది. అబద్ధం చెప్పను పెద్దమ్మా."

ఆమె పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు తిరిగి, వంగి, పక్కనున్న చిల్లుల్లోంచి లోపలికి చూసింది.

"నీకు కావాల్సింది ఇదంతానా?"

"కాదు. లోపల అరచేతంత బిళ్ళ ఒకటుంటుంది. అది."

"బొట్టు పెట్టింది పెట్టెకు. లోపల బిళ్ళకు నేను పెట్టలేదు గదా" అంది కుప్పమ్మ. "తియ్యి దాన్ని. పెట్టెను మాత్రం జరపొద్దు."

మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లాయర్లతో వాదించాను, డైరెక్టర్లతో వాదించాను. ఇంత చక్కటి సందు కనిపెట్టినవాళ్ళను చూడలేదు. పెట్టె జరపకుండా పక్క రేకు తీసి, డిస్కు ఊడదీసి సంచిలో వేసుకున్నాను. పదింటికి ఆమె కర్పూరం వెలిగించి, ముందు మగ్గం నడిపించింది. తర్వాత కంప్యూటరు స్విచ్ కూడా వేసింది. అది వెలిగి, డిస్కు కనబడలేదని తెల్ల అక్షరాల్లో మొత్తుకుంది.

"మొత్తుకోనీ" అందామె. "ముహూర్తానికి వెలిగింది, సాలు."

సగం మామిడిపిందె

ఇలాంటప్పుడు చేయాల్సింది చెబుతాను, గుర్తుంచుకోండి. డిస్కును మీ యంత్రానికి పెట్టేముందు, మీ యంత్రం దాన్ని తనంతట తాను తెరిచే అలవాటు మాన్పించండి. చదవడానికి మాత్రమే అని కట్టడి చేయండి. మొదటి పని వెతకడం కాదు, మొదటినుంచి చివరిదాకా నకలు తీయడం. ఆపైన నకలు మీదే వెతకండి. ఆత్రగాళ్ళు అసలు డిస్కు మీదే వెతికి, దొరికినవాటిని దాని మీదే దాస్తారు. పాత సామాను మీద కొత్త సామాను. వాళ్ళకు నా సానుభూతి లేదు.

మా ఇంట్లో నకలు తీసి తెరిస్తే సున్నాలు కాదు, సరుకే ఉంది. బొమ్మలు ఒక్కటొక్కటే బయటపడ్డాయి. పేర్లు మాత్రం రాలేదు, గుమాస్తా వాటిని ముందే చెరిపేశాడు. కొన్ని అసలు రాలేదు. ఆ మాట కూడా వాళ్ళ దగ్గర దాచలేదు.

వారంలోపే ముగ్గురూ తిరుపతి వచ్చారు. పేర్లు పెట్టడానికి నా కంప్యూటరు ముందు కూర్చుని కొట్లాట మొదలుపెట్టారు.

"ఇది తామరతీగ."

"కళ్ళు పోయినాయా నీకు? తామరాకు ఇట్లా ఉంటాదా? ఇది కలువ."

"నాయన తామర అనే గదమ్మా సెప్పినాడు."

"మీ నాయనకు పూలు తెలుసునా? నేను సెప్తే గీసినాడు."

మామిడిపిందె అంచు వచ్చేసరికి ముగ్గురూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. కింది సగం శుభ్రంగా ఉంది, గడి కూడా చెదరలేదు. పై సగం అడ్డదిడ్డం గీతలు. ఆ చోట వేరే ఏదో వచ్చి కూర్చుంది. ఇక అంతేనని నేను ఏదో చెప్పబోయాను. మంజుల వంగి చూసి, "ఇది అద్దం మాదిరి డిజైన్ మేడం. కింద సగాన్ని తిరగేసి పైన పెడితే అయిపోయా" అంది. అక్కడే కూర్చుని తిరగేసింది. కలిసేచోట ఒక గడి తేడా వచ్చింది. ధనశేఖర్ దాన్ని సరిచేశాడు. కుప్పమ్మ తెర మీద పిందె కొనను వేలితో తాకి, తల ఊపి, కాఫీ అడిగింది.

పోయేముందు ధనశేఖర్ గొణిగాడు. "మేడం, ఆ ట్రిమ్ తీసేయండి. దాని వల్లే గదా ఇంత అయ్యింది."

"దాని వల్ల కాలేదు. తుడిచింది నువ్వు. రెండో ప్రతి పెట్టుకోనిది నువ్వు. అది తన పని తాను చేయబోయింది. ఊడ్చేవాడిని మానిపిస్తే మూడేళ్ళకు లాడ్జీ మూసుకోవాలి. ట్రిమ్ ఉంటుంది. పక్కన ఇంకో డిస్కు కూడా ఉంటుంది. వాదిస్తావా?"

"వాదించను మేడం."

"వాదించబాక" అంది కుప్పమ్మ. "ఆమెతో నా వల్లనే కాల్యా, నీ వల్ల యాడవుతాది."

పిల్లలూ, ఇదే నేను చెప్పదలచుకున్నది. చెరపడాన్ని ఆపి ఏదీ కాపాడలేరు. చెరిపే ముందు ఏం ఉంచుకోవాలో తేల్చుకోవాలి. మన వృత్తిలో అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. డైరెక్టర్లు కూడా.

మరుసటి ఏడాది ఆయుధ పూజ ముందురోజు ఫోను మోగింది. మంజుల నంబరు, గొంతు కుప్పమ్మది. వెనక చీపురు చప్పుడు లేదు, మగ్గం చప్పుడూ లేదు. అందరూ ఆగి ఉన్నట్టుంది.

"అమ్మణ్ణీ, రెండో బిళ్ళలోకి అన్నీ ఎక్కించినాం. మంజుల తెరిచి సూపించింది, మామిడిపిందె ఉండాది. దాన్ని దేవుడి గూట్లో పెట్టి దానికీ బొట్టు పెట్టినా. ఇంక వీడిని దులపమంటావా?"

"దులపమనండి పెద్దమ్మా" అన్నాను.